బోర్డు వెనక మిగిలిన గోడ

మా బావ కూర్చోవడం మానేసి అప్పటికి పదిరోజులు.

పొద్దున్నే నా సిమెంటు కొట్టు ముందునుంచి ఇటు పోతాడు. పావుగంటకి అటు వస్తాడు. మళ్లీ ఇటు. పిలిస్తే లోపలికి వస్తాడు, స్టూలు జరిపితే దానిమీద తన చేతిసంచి పెడతాడు గాని తను కూర్చోడు. టీ ఇస్తే సగం తాగి గ్లాసు బస్తాల మీద మర్చిపోతాడు.

‘‘ఏంటి బావా, కాలుగాలిన పిల్లిలా ఈ తిరుగుడు?’’ అనడిగాను.

‘‘ఏం లేదురా. మోకాళ్లు పట్టేస్తున్నాయి. నడిస్తే మంచిదన్నారు.’’

మోకాళ్లు పట్టేసిన మనిషి అంత జోరుగా నడవడం నేనెక్కడా చూడలేదు.

మా అక్క బాధ ఇంకోటి. ఓ మధ్యాహ్నం కొట్టుకొచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించింది.

‘‘ఒరేయ్, మీ బావ ఎక్కడికెళ్తున్నాడో కాస్త కనుక్కో. అన్నం ముందు కూచోబెడితే రెండు ముద్దలు తిని లేస్తాడు. చొక్కా ఉతుకుదామని తీస్తే జేబుల నిండా ఎర్రమన్ను.’’

‘‘ఏ వగలాడో తగులుకుందేమోనే.’’

‘‘జేబుల్లో మన్ను పోసి పంపే వగలాడి ఎవత్తిరా?’’ అంది అక్క. నవ్వుదామనే అంది గాని నవ్వు రాలేదు. ఆవిడ భయపడుతోందని నాకప్పుడు తెలిసింది.

మా బావ తాపీమేస్త్రీ. యాభై ఆరేళ్లు. సొంతపేరు ఇంట్లోవాళ్లం కూడా దాదాపు మర్చిపోయాం. ఊరందరికీ ఆయన గీత మేస్త్రీ. ఇటుకకీ ఇటుకకీ మధ్య సందులో సిమెంటు పెట్టి, తాపీ మొనతో ఓ లాగు లాగితే స్కేలు పెట్టి గీసినట్టు గీత వచ్చేది. ఎంత పాత ఇల్లైనా మా బావ చెయ్యి పడితే కొత్త నోటుపుస్తకంలా తయారయ్యేది. ఆ పేరు ఆయనకి ఒక్క ఇంటివల్ల వచ్చింది. దాన్ని నమూనా ఇల్లంటారు. ఇదంతా దాని కథే కాబట్టి ఆ ఇంటి సంగతి చెప్పాలి.

వందేళ్లు దాటిన రెండంతస్తుల ఇటుక ఇల్లు అది. కట్టించినాయన ఓ ఇటుకబట్టీ ఆసామి. ఉండడానికి కట్టుకున్నాడనడం కన్నా, సరుకు చూపించడానికి కట్టుకున్నాడనడం సబబు. నాలుగు గోడలూ నాలుగు రకాలుగా పేర్పించాడు. ముందుగోడలో ఒక ఇటుక పొడవుగా, పక్కది తల బయటికి పెట్టి, మళ్లీ ఒకటి పొడవుగా. తూర్పుగోడలో ఒక వరుసంతా పొడవు, దానిమీది వరుసంతా తలలు. వెనకగోడలో ఇటుకల్ని అంచుల మీద నిలబెట్టి మధ్యలో బోలు వదిలారు. నాలుగోది చవకగా కావాలనే వాళ్లకి. కొనుక్కునేవాడు ఇంటిచుట్టూ ఓ తిరుగుడు తిరిగి, ‘నాకు తూర్పుగోడ లాంటిది కట్టు’ అంటే సరిపోయేదట.

లోపలి మెట్లగోడ ఇంకా విచిత్రం. కింద మాడిపోయిన నల్ల ఇటుక. మెట్టు మెట్టుకీ రంగు తేరుకుంటూ పైకెళ్లేసరికి లేత నారింజ. ఎంత కాలిస్తే ఏ రంగొస్తుందో చూపించడానికన్నమాట. బేరానికొచ్చినవాళ్లు మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, ‘ఇదిగో, తొమ్మిదో మెట్టు రంగువి పదివేలు పంపించు’ అనేవారట. కింద గోడలు రెండున్నర ఇటుకల మందం, మేడమీద ఒకటిన్నర. కిటికీ అరుగులో ఓ మనిషి కాళ్లు ముడుచుకుని పడుకోవచ్చు. కిటికీల మీద ఇనుమూ లేదు, కర్రా లేదు. విసనకర్ర విప్పినట్టు ఇటుకల్ని ఏటవాలుగా నిలబెట్టారు, ఒకదాన్నొకటి నొక్కుకుని అవే మోస్తాయి. ఇంత ఇంట్లోనూ ఎక్కడా గరిటెడు సిమెంటు లేదు. అంతా గానుగ సున్నం.

ఆ ఇల్లు ఇప్పుడు కుట్టుటీచరుది. వాళ్ల తాత కొన్నాడు. కింద హాల్లో పన్నెండు మిషన్లు పెట్టుకుని వాళ్లమ్మ కుట్టుబడి నడిపింది, ఆవిడ తర్వాత ఈవిడ నడుపుతోంది. గుమ్మం పక్కన గోడకి వాళ్లమ్మనాటి బోర్డు, నిలువెత్తు చెక్కబోర్డు, ఇప్పటికీ ఉంది.

ముప్ఫై రెండేళ్ల కిందట ఆ ముందుగోడ సందుల్లో సున్నం రాలుతోందని బాగుచెయ్యడానికి మా బావని పిలిచారు. అప్పుడాయనకి ఇరవై నాలుగు. సిమెంటు చేతికొచ్చిన కొత్త. సున్నం తీసిపారేసి, గోడంతా సిమెంటుతో బిగించి గీతలు లాగాడు. ఆ దారిన రోజూ ఆఫీసుకెళ్లే మా నాన్న ఓరోజు సైకిలు దిగి, ‘‘ఎవరయ్యా ఈ పనిచేసింది?’’ అనడిగాడు. నెల తిరక్కుండా మా అక్కని ఇచ్చి పెళ్లి చేశాడు. ‘‘గీత వంకరపోనివాడు, బుద్ధీ వంకరపోదు’’ అన్నాడు మా నాన్న. పెళ్లికి ముందు వారం మా బావ మా ఇంటి ముందుగోడ కూడా చేసిచ్చాడు. తర్వాత వీధి వీధంతా ఆయన చేత చేయించుకుంది. సిమెంటు కొట్టు పెడితే బాగుంటుందని నాకు తోచింది కూడా ఆ పనులు చూస్తూ పెరగడం వల్లే.

ఇక ఇప్పటి సంగతి. నమూనా ఇంటి ముందుగోడ కొన్నేళ్లుగా రాలుతోంది. ఇటుక మొహాలు పెళ్లలు పెళ్లలుగా ఊడుతున్నాయి. ఆ వానాకాలం ఒక పెద్ద పెళ్ల ఊడి, కుట్టు నేర్చుకోడానికొచ్చిన అమ్మాయి గొడుగు మీద పడింది. గొడుగు విరిగింది, అమ్మాయికేం కాలేదు. మర్నాటికి మున్సిపాలిటీ నుంచి నోటీసొచ్చింది: ఇటుక నాణ్యత పోయింది, గోడ ప్రమాదకరం, పదిహేను రోజుల్లో ఇంజినీరు వచ్చి చూస్తారు, అవసరమైతే ఇల్లు కూల్చాలి.

నోటీసు అందిన రోజే టీచరు మా బావని పిలిపించింది. ‘‘మీరు చేసిన గోడే కదా మేస్త్రీగారూ, ఒకసారి చూసి చెప్పండి’’ అంది. చూశాడు. ‘‘మళ్లీ వస్తానమ్మా’’ అని వచ్చేశాడు. అదిగో, ఆరోజునుంచే ఈ నడక.

అక్క చెప్పింది కదా అని పదకొండో రోజు నేను ఆయన వెనకే వెళ్లాను. వీధి మలుపు తిరిగి, నమూనా ఇంటి ముందు ఆగాడు. జేబులోంచి ఓ మేకు తీసి గోడని గీకాడు. రాలిన పొడి అరచేతిలో పట్టుకుని చూసుకుని, పారెయ్యడానికి మనసొప్పనట్టు జేబులో వేసుకున్నాడు. రెండడుగులు జరిగి మళ్లీ గీకాడు.

నేను దగ్గరికెళ్లేసరికి ఉలిక్కిపడ్డాడు. ఎదురుగా టీ బడ్డీ దగ్గరికి లాక్కెళ్లాను. అక్కడా కూర్చోలేదు.

‘‘ఇటుక పుచ్చిందంటున్నారు గదరా. పుచ్చలేదు. నేను పుచ్చబెట్టాను.’’

‘‘నువ్వేం చేశావు?’’

‘‘పాత గోడ వాన పడితే తాగుతుంది, ఎండొస్తే వదిలేస్తుంది. సున్నం మెత్తన. ఆ సందుల్లోంచే వదులుతుంది. నేను ఆ సందులన్నీ సిమెంటుతో బిగించేశా. లోపలికెళ్లిన నీళ్లు ఎటు రావాలి? ఇటుక మొహంలోంచే రావాలి. వస్తూ వస్తూ మొహాన్ని ఊడగొట్టుకొస్తున్నాయి. పోయి చూడు. ఇటుకలు అంగుళం లోపలికి తినేసుకుపోయాయి. నా గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. ఒక్కటి చెక్కుచెదర్లేదు.’’

చూశాను. నిజమే. ఇటుకలు పోయిన చోట గీతలు ఖాళీ గూళ్లలా పొడుచుకొచ్చి ఉన్నాయి.

‘‘ముసలి మేస్త్రీ అప్పుడే చెప్పాడురా,’’ అన్నాడు బావ. ఆ ముసలాయన సున్నం పనిలో బావకి గురువు. ‘‘పరంజా కింద నిలబడి, ‘గోడ నోరు మూసేస్తున్నావురా’ అన్నాడు. నేను పైనుంచి, ‘నోరు మూసుకుంటే మంచిదేగా తాతా’ అన్నాను. కూలీలందరూ నవ్వారు. ఆయన మళ్లీ నాతో మాట్లాడలేదు. పోయేదాకా మాట్లాడలేదు.’’

శుక్రవారం ఇంజినీరు వస్తుంది. చెబితే ఇల్లు దక్కొచ్చు. చెబితే ముప్ఫై రెండేళ్ల పేరు ఒక్క పూటలో గంగలో కలుస్తుంది. చెప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. పాత ఇటుక, పోయింది, అంతే. ఇదీ ఆయన్ని కూర్చోనివ్వనిది.

సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు ముందు గుర్తొచ్చింది ఆ ఇల్లూ కాదు, ఆ టీచరూ కాదు. నా కొట్టు.

‘‘బావా, నీకు దణ్ణం పెడతాను, నోరు మూసుకుని ఇంట్లో కూచో. కొట్టు పెట్టాక నువ్వు చేసిన ఇళ్లన్నిటికీ సిమెంటు పోయింది నా దగ్గర్నుంచే. రేపు జనం నా కొట్టు మీదికొస్తారు. అయినా పాతిళ్లన్నాక రాలవా? మా ఇంటి ముందు మాత్రం రోజూ ఎర్రపొడి ఊడవట్లేదూ? ఎన్నేళ్లనుంచి ఊడుస్తున్నాం!’’

ఆయన నావంక చూసిన చూపుకి నేను సగంలో ఆగిపోయాను. మా గోడకి కూడా ఆయనే కదా గీతలు లాగింది. అప్పటిదాకా ఆ రెండూ నేను కలిపి చూసుకోలేదు. కలిపి చూడ్డం ఇష్టంలేక చూసుకోలేదేమో కూడా.

‘‘మీ అక్కకేం చెప్పాలిరా?’’ అన్నాడు. ‘‘ఆ గోడ చూసేగదా మీ నాన్న పిల్లనిచ్చింది.’’ గ్లాసు అక్కడే మర్చిపోయి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున్నే కొట్టు మూసి నేనూ నమూనా ఇంటికెళ్లాను. బావ నోరు తెరిస్తే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చెయ్యాలని నా ఉద్దేశం.

ఇంజినీరు ముప్ఫై ఏళ్లుంటాయేమో, చురుకైన మనిషి. చిన్న సుత్తితో గోడని టకటకా కొట్టుకుంటూ ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లింది. కొట్టిన ప్రతిచోటా చిటికెడు పొడి రాలింది. లోపల మిషన్లు ఆగిపోయాయి. అమ్మాయిలు కిటికీల్లో గుంపుగా నిలబడ్డారు. టీచరు మెడలో కొలత టేపుతోనే బయటికొచ్చింది.

‘‘సారీ అండీ. ఇటుక అయిపోయింది. వందేళ్లు నిలబడిందంటే అదే గొప్ప. నేను కూల్చమనే రాయాలి,’’ అంది ఇంజినీరు.

టీచరు ఏడవలేదు. టేపుని చేతికి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్లీ చుట్టుకుంటూ, ‘‘మిషన్లు ఎక్కడ పెట్టుకోనండీ?’’ అంది. ఎవర్నీ అడిగినట్టు లేదు. గోడనే అడిగినట్టుంది.

నేను బావ చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఆయన విడిపించుకున్నాడు.

‘‘ఇటుక మంచిదేనమ్మా. తప్పు నాది. సందుల్లో సిమెంటు పెట్టింది నేను. అది తీసేసి మళ్లీ సున్నం పెడితే గోడ బతుకుతుంది.’’

ఇంజినీరు ఆయన్ని ఎగాదిగా చూసింది. ‘‘కావచ్చు. సిమెంటువల్ల ఇలా అవుతుందని మాకూ తెలుసు. కానీ ఇక్కడ అదేనని ఎలా నమ్మను? మిగతా గోడల మీద ఇంత వాన కొట్టదు, వాటితో పోల్చలేను. ఈ గోడంతా ఒకేలా ఉంది. సిమెంటు పెట్టని చోటు ఒక్కటైనా ఉంటే పోల్చి చూసేదాన్ని. మీరు ఒక్క సందు వదల్లేదు.’’

బావ తలొంచుకున్నాడు. అంతకుముందు చెప్పినదానికన్నా ఇప్పుడు చెప్పబోయేది ఆయనకి కష్టంగా ఉందని నాకర్థమైంది గాని, ఏమిటో తెలియలేదు.

‘‘వదిలానమ్మా,’’ అన్నాడు. ‘‘ఆ బోర్డు దించితే కనిపిస్తుంది.’’

టీచరు తెల్లబోయింది.

‘‘ఆఖరిరోజు. పరంజా విప్పేస్తున్నారు. బోర్డు దించాలంటే ఆరు మేకులు పీకాలి. ఎవరు చూడొచ్చారులే అని చుట్టూ చేసి, దాని వెనక ఎగ్గొట్టాను. మీ అమ్మగారు గోడంతటికీ కూలిచ్చారు. తీసుకున్నాను.’’

కిటికీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నేను తలెత్తలేకపోయాను. గీత వంకరపోనివాడికి పిల్లనిచ్చిన మా నాన్న గుర్తొచ్చాడు.

ఆరు మేకులూ బావే పీకాడు. నేనూ ఆయనా చెరోవైపు పట్టి బోర్డు దించాం. వెనక గోడ ఆకుపచ్చగా పాచిపట్టి ఉంది.

‘‘బోర్డు వాన ఆపి ఉంటుంది కదా,’’ అంది ఇంజినీరు. ‘‘దీన్నిబట్టి ఏం చెప్పగలం?’’

‘‘వాన ఆగితే పాచెక్కడిదమ్మా? బోర్డు గోడకి ఆనుకోదు, బెత్తెడు ఎడం. పైనుంచి కారే నీళ్లన్నీ దీని వెనకే పోయేవి.’’ చొక్కా అంచుతోనే పాచి తుడిచాడు.

కింద ఇటుక బయటపడింది. నిక్షేపంలా ఉంది. అంచులు పదునుగా ఉన్నాయి. సందుల్లో వందేళ్లనాటి సున్నం, మెత్తగా, తెల్లగా ఉంది. ఒక ఇటుక తలమీద దాన్ని అచ్చుపోసినవాడి బొటనవేలి ముద్ర కూడా కనిపించింది. ఇంజినీరు సుత్తితో కొట్టింది. ఖణేల్‌మంది. ఇంకోటి కొట్టింది. అదీ అంతే. పొడి రాలలేదు. ఆవిడ చాలాసేపు ఆ నిలువెత్తు ముక్కనీ, చుట్టూ గోడనీ మార్చి మార్చి చూసింది. తర్వాత కాయితం మీద రాసుకున్నది కొట్టేసింది.

‘‘ఆరునెలలు గడువిస్తాను. సిమెంటు తీయించండి. ఈలోగా ముందువైపునుంచి ఎవరూ రావద్దు, వెనక గుమ్మం వాడుకోండి.’’

ఆవిడ వెళ్లాక టీచరు మా బావ ఎదురుగా వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టాల్సిందే.

‘‘మేస్త్రీగారూ, మీరు బుద్ధిగా పనిచేసిన చోటల్లా గోడ పోయింది. ఎగ్గొట్టిన చోట మిగిలింది. మిమ్మల్ని ఏమనాలో నాకు తెలియట్లేదు,’’ అంది.

మా బావ నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. అంతమంది ఆడపిల్లల ముందు, మొహానికి పాచి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నాకూ ఆగలేదు.

ఇంటికెళ్లి అక్కకి ఆయనే చెప్పాడు, నిలబడే. బోర్డు సంగతితో సహా. అక్క కూరగాయలు తరగడం ఆపకుండా అంతా విని, ‘‘మా నాన్న గోడని చూసి ఇచ్చాడు. సరే. నేను ముప్ఫై రెండేళ్లూ కాపరం చేసింది గోడతోనా?’’ అంది. తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసి, ‘‘మన్నుజేబుల చొక్కాలు ఇకనుంచి నువ్వే ఉతుక్కో,’’ అంది.

మర్నాటినుంచి ఆయన ఉలి పట్టాడు. కరెంటు కోతమిషను పెడితే ఇటుక అంచు పోతుందని సన్న ఉలితో, చిన్న సుత్తితో, సందు సందూ చేత్తోనే తీశాడు. తను లాగిన గీతలన్నీ తనే విరగ్గొట్టుకున్నాడు. కూలి తీసుకోలేదు. సున్నం నానబెట్టడం, రుబ్బడం, సందుల్లో కూరడం, ఎండకి తడిగోనెలు కప్పడం అంతా ఆయనే. పాడైన ఇటుకల్ని తిప్పి, లోపలి మొహం బయటికి పెట్టాడు. అయిదోనెల చివర్లో ఇంజినీరు వచ్చి చూసి సంతకం పెట్టింది. మిషన్లు ముందుహాల్లో మళ్లీ గడగడలాడాయి. బోర్డు మాత్రం టీచరు ఇంకోచోట పెట్టించింది. ఆ ముక్క కనబడాలంది.

ఇప్పుడైనా మనిషి కుదురుపడతాడనుకున్నాను. కుదురా! తను చేసిన ఇళ్లన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుని, ఆ తలుపులన్నీ తట్టడం మొదలెట్టాడు. ‘మీ గోడ పాడుచేసింది నేనండీ’ అని చెప్పడానికి. కొందరు కాఫీ ఇచ్చారు. కొందరు నానామాటలన్నారు. ఒకాయన కుక్కని వదిలాడు. పనులు పోయాయి, గీత మేస్త్రీ అన్న పిలుపూ పోయింది. నా కొట్టులో పాతిళ్ల బేరం సగానికి పడిపోయింది. రోజుకో గొడవ పడ్డాను ఆయనతో. ‘‘నీకు పట్టిన పిచ్చికి నా పొట్టకొడతావేం?’’ అని గట్టిగానే అరిచాను. ‘‘ఇంకా నాలుగిళ్లున్నాయిరా,’’ అనేవాడు. తర్వాత మూడు. తర్వాత రెండు.

మొన్న ఆదివారం పొద్దున్న నేను మా ఇంటి ముందు చీపురుతో ఎర్రపొడి ఊడుస్తున్నాను. గేటు చప్పుడైంది. చేతిసంచితో బావ. వెనకే అక్క.

అడగాల్సిన పనిలేకపోయింది. అది మా నాన్న గోడ. పెళ్లికి ముందు వారం ఆయన తన ప్రాణమంతా పెట్టి గీతలు లాగిన గోడ. చిన్నప్పుడు ఆ గీతల మీద వేలుపెట్టి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పరిగెత్తేవాణ్ణి. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. చీపురు కింద ఎర్రటి కుప్ప ఉంది. నిన్న ఊడ్చిందానికన్నా పెద్దది.

బావ అరుగుమీద కూర్చున్నాడు. ఏడాదిలో ఆయన కూర్చోగా చూడ్డం అదే మొదలు. సంచిలోంచి ఉలి, సుత్తి తీశాడు. గోడవైపు చెయ్యెత్తి, దించేశాడు. మళ్లీ ఎత్తాడు.

‘‘నమూనా ఇంటివన్నీ కొట్టాను గాని దీన్ని కొట్టలేకపోతున్నానురా,’’ అన్నాడు. ‘‘మీ నాన్న చూస్తున్నట్టుంది. మొదటి దెబ్బ నువ్వు కొట్టిపెట్టు.’’

నేను అక్కవంక చూశాను. అక్క నా చేతిలో చీపురు తీసుకుంది.

ఉలి అందుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఇనుము, సిమెంటు అమ్మడమేగాని ఉలి పట్టినవాణ్ణి కాదు. బావ నా మణికట్టు పట్టుకుని మొనని సందులో సరిగ్గా ఆనించాడు. ఒకటి కొట్టాను, జారింది. రెండోదానికి నిప్పురవ్వ లేచింది. మూడోదానికి జానెడు గీత విరిగి నా కాళ్లమీద పడింది. వెనక ఇటుక ఎర్రగా, తడిగా ఉంది.

‘‘ఇంకోటి,’’ అన్నాడు బావ.

కొట్టాను. అక్క పడిన ముక్కల్ని ఊడ్చి ఓ పక్కకి పోస్తోంది.